తక్‌పట్టీ తెర మీద కనిపించని బటన్లు

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు చూస్తాను. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీలు (తూకం, ధర, కోతలు చూపి రైతుకిచ్చే లెక్క చీటీలు) కొట్టే పని మొత్తం నాదే. ఈసారి సీజన్ నడుమ మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారింది. దాన్ని ఎట్లా దారికి తెచ్చుకున్నామో రాస్తున్నాను. తోటి గుమాస్తాలకూ, ఇలాంటివి తయారుచేసే పిల్లలకూ పనికొస్తుంది.

పాత తెర గజిబిజిగా ఉండేది. పైన రెండు వరుసల బటన్లు, అడుగున ఎఫ్ కీల పేర్లు. కొత్త తెర తెల్లగా, ఖాళీగా ఉంది. రైతు పేరు, ఊరు, బస్తాలు, ధర, అంతే. మౌస్ బాణాన్ని వరుస చివరికి తీసుకెళ్తే కొన్ని బటన్లు బయటికొస్తాయి, పక్కకు జరిపితే మాయమవుతాయి. మిగతావి మూలన మూడు చుక్కల వెనక ఉన్నాయి.

జెండా పాట (ఆ రోజు మేలు సరుకు ధర తేల్చే వేలం) అయ్యి, ఖరీదుదార్లు ధరలు పెట్టి, కాంటాలు మొదలైతే మాకు తల ఎత్తే తీరిక ఉండదు. తూకం చూసే దడ్వాయి చీటీ రాసిస్తాడు, నేను ఎక్కిస్తాను. ఒక రైతు తెచ్చిన సరుకంతా ఒకే ధరకు పోదు. తేజ రకం మిర్చి బస్తాల్లో కొన్నింటికి తాలు (నాసి కాయ) కింద తక్కువ ధర పడుతుంది. అప్పుడు లాటును రెండుగా విడగొట్టాలి. పాత తెరలో ఆ బటన్ కళ్ల ముందే ఉండేది. కొత్తదాంట్లో ఎక్కడా లేదు. అసలు తీసేశారేమో అనిపించింది. తీసేసిన బటనూ దాచిన బటనూ చూసేవాడికి ఒకేలా ఉంటాయి, ఇక్కడే అసలు బాధ. చేత్తో లెక్కగట్టి వేర్వేరు పట్టీలు కొడుతుంటే, బస్తాల మీద కూర్చున్న రైతులు “సారూ, మా పట్టీ ఇంక కాలేదా? బండి పోతది” అని అడుగుతున్నారు. వాళ్ల డబ్బు ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది. టెన్షన్ వాళ్లకూ నాకూ.

దుకాణం సద్దుమణిగాక మా సేటు దగ్గర కూర్చుని, ఒక్కో పనీ ఎక్కడుందో వెతికి కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం మానిటర్ పక్కన అతికించి మర్నాడు బండి నడిపాను. తర్వాత రోజు కొట్టిన పట్టీలన్నీ ముందేసుకుని, ఏ పని ప్రతి పట్టీకి పడుతోంది, ఏది అప్పుడప్పుడు, ఏది సీజన్‌కు ఒకసారి అని విడదీశాను. లాట్ విడగొట్టడం, అడ్వాన్స్ కోత, హమాలీ ఖర్చు, పట్టీ మళ్లీ ప్రింట్ తీయడం రోజంతా కావాలి. ప్రింటర్ మార్చడం, దుకాణం చిరునామా దిద్దడం ఎప్పుడో గానీ రావు. ఇవన్నీ ఒకే చోట దాచిపెట్టారు!

సాఫ్ట్‌వేర్ రాసిన తమ్ముణ్ని హన్మకొండ నుంచి పిలిపించి, పట్టీలు కొట్టే వేళకే నా పక్కన కూర్చోబెట్టాను. “అన్నా, అన్ని బటన్లు ఒక్కసారే కనబడితే కొత్తగా వచ్చినోళ్లు భయపడుతున్నరు. అందుకే అవసరమైనప్పుడే కనబడేటట్టు చేసినం” అన్నాడు. ఆ మాట కొట్టిపారేయలేను. పాత తెర చూసి బెదిరిన కుర్రాళ్లను నేనూ చూశాను. కానీ అవసరం ఎప్పుడొచ్చిందో బాణానికి ఎట్లా తెలుస్తుంది? ఒక సదుపాయం ఉందనే తెలియనివాడు దాని కోసం బాణాన్ని అక్కడికెందుకు తీసుకెళ్తాడు?

పెద్ద కంపెనీలు కూడా ఈ దారిలో వెళ్లి చూశాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో తక్కువగా వాడే మెనూ అంశాలు వాటంతటవే దాక్కునేవి. 2007లో బటన్లను ట్యాబ్‌ల కింద తెర పైభాగాన పరిచే రిబ్బన్ వచ్చి ఆ పద్ధతి పోయింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేస్తే, మరుసటి ఏడు 8.1లో తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఆ రిబ్బన్‌లోనే నాకు నచ్చే దాపరికమూ ఉంది. బొమ్మ మీద నొక్కితే బొమ్మల పనిముట్ల ట్యాబ్ వస్తుంది, ఎప్పుడూ పైన అదే వరుసలో. నొక్కడం నేను కావాలని చేసిన పని. బాణం ఒక గడి మీదుగా పోవడం అట్లా కాదు. పైగా టచ్ తెర మీద బాణమే ఉండదు. మా సేటు చూసేదేమో ట్యాబ్లెట్‌లో.

ఇదంతా చెప్పాక ఆ తమ్ముడు వాదించలేదు, నా జాబితా తీసుకెళ్లాడు. ఇప్పుడు రోజంతా పడే నాలుగు బటన్లు పేర్లతో సహా ఎప్పుడూ తెర మీదే ఉంటాయి. లాట్ ఎంచుకోనప్పుడు బూడిద రంగులో ఉంటాయి గానీ చోటు మారవు. ప్రింటర్, చిరునామా లాంటివి లోపలే ఉంచమని నేనే చెప్పాను. పట్టీ రద్దు గురించి మాత్రం కొంతసేపు మాట్లాడుకున్నాం. చెయ్యి తగిలి రైతు పట్టీ పోకూడదు కాబట్టి దాన్ని మూడు చుక్కల వెనకే వదిలేశాం. ఆ చుక్కలు ఉత్త గుర్తుగా ఉండకుండా పక్కన ‘మరిన్ని’ అని మాట రాయించాను.

ట్యాబ్లెట్‌లో మాత్రం పట్టీ మళ్లీ ప్రింట్ తీయాలంటే ఇంకా వరుస మీద వేలు అదిమి పట్టుకోవాలి. చపాటా రకం మిర్చి లాట్లు జోరందుకునేలోపు దాన్నీ బయట పెట్టమని అడిగాను, చేస్తానన్నాడు.