పాలమూరు దుమ్ముకు ఏ రంగు టేపు?

రోడ్డు సైకిల్ అంటే కిందికి వంగిన హ్యాండిల్ ఉండే రేసు రకం. ఆ హ్యాండిల్‌కు పట్టు కోసం చుట్టే టేపు తెల్లదైతే కళే వేరు, కాదనను. కానీ మాది చల్క నేల, ఎర్ర ఇసుక నేల. కోయిల్‌సాగర్ ప్రాజెక్టు వైపు వెళ్లొస్తే చెమటకు ఎర్ర దుమ్ము తోడై, బ్రేక్ లివర్ పక్కన బొటనవేలు ఆనే చోట మరక పడుతుంది. సబ్బునీళ్లతో తుడిస్తే సగమే పోతుంది. గట్టిగా రుద్దితే టేపు పైపొర లేచిపోతుంది.

నలుపు కొంటే ఏ బాధా లేదు, చాలామంది అదే కొంటారు. నాకు మాత్రం ఇటుక రంగు మీద మనసు పోయింది. నా ఫ్రేము ముదురు నీలం. దాని పక్కన ఇటుక రంగు నిండుగా ఉంటుంది, దుమ్ము పడ్డా కనిపించదు. "సీటు రంగుతో కలవాలి కద బాబాయ్" అంది మా అన్న బిడ్డ. టైర్ల పక్కలు గోధుమ రంగువే, వాటితో జోడు కుదిరిందని చూపించా.

రంగు కన్నా మందం ముఖ్యం. పల్చటి టేపుతో గతుకుల రోడ్డు మీద అరచేతులు తిమ్మిరెక్కుతాయి. 3 మి.మీ. దైతే అదురు తగ్గుతుంది, కాకపోతే చిన్న చేతులవాళ్లకు పట్టు లావనిపిస్తుంది. నున్నగా మెరిసే రకం మన ఎండలకు, చెమటకు జారుతుంది. కార్క్ కలిపిన ఫోమ్ టేపే నాకు నచ్చింది.

చుట్టడం కింది కొన నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు ప్రతి చుట్టు అంచూ కిందికి చూస్తుంది, చెయ్యి పైనుంచి జారినా లేవదు. కొంచెం సాగదీస్తూ, పాత చుట్టు మీద మూడో వంతు ఎక్కించాలి. వంపులో బయటివైపు సందు పడుతుంది, అక్కడ ఇంకాస్త ఎక్కువ. చివర ఎలక్ట్రికల్ టేపు. హ్యాండిల్ కొనల్లో ప్లగ్గులు (గొట్టం మూసే బిరడాలు) మాత్రం తప్పనిసరి, పడినప్పుడు ఉత్త గొట్టం ఒంట్లో దిగుతుంది.