యూఎస్‌బీలో లినక్స్ వేస్తే బావగారి ల్యాప్‌టాప్ ఎందుకు ఆగింది: నా అనుభవం

మొత్తానికి పనైంది. ఇప్పుడు నా యూఎస్‌బీ ఎస్ఎస్‌డీని ఏ కంప్యూటర్‌కి గుచ్చినా నా లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నా ఫైళ్లతో, నా సెట్టింగులతో లేస్తోంది. కానీ ఈ దారిలో నేను పడ్డ మాట ఇంకా మనసులో మండుతోంది. ఆ మంట ఉండగానే రాసేస్తున్నా.

ముందు ఒక తేడా చెప్పాలి. రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రామ్‌తో ఐఎస్ఓ ఫైల్‌ని (లినక్స్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైలు) పెన్‌డ్రైవ్ మీద రాసుకుంటే వచ్చేది లైవ్ యూఎస్‌బీ. ఆపేస్తే అందులో చేసిన పనంతా పోతుంది. పర్సిస్టెన్స్ (చేసిన మార్పులు దాచుకునే చోటు) పెట్టుకుంటే ఫైళ్లు నిలుస్తాయి గానీ, మీరు ఎన్ని అప్‌డేట్లు చేసినా బూట్ అయ్యేది మాత్రం ఐఎస్ఓలో ఉన్న పాత కెర్నలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం). నాకు కావలసింది అది కాదు. లోపలి డిస్క్‌లో వేసుకున్నట్టే పూర్తి ఇన్‌స్టలేషన్ కావాలి, అదీ యూఎస్‌బీ మీద. దీనికి ఇన్‌స్టాలర్ కోసం ఒక పెన్‌డ్రైవ్, సిస్టమ్ ఉండటానికి ఇంకో డ్రైవ్ కావాలి. ఆ రెండోది పెన్‌డ్రైవ్ పెట్టకండి. చిన్న చిన్న ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి రాయాల్సి వస్తే పెన్‌డ్రైవ్ చతికిలబడుతుంది. ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనుక్కోండి.

ఇన్‌స్టాలర్ తయారీ, బూట్ మెనూ, భాష, టైమ్‌జోన్, వీటిలో చెప్పుకోవడానికేమీ లేదు. పార్టిషన్లు నేనే చేత్తో పెట్టుకున్నా: పార్టిషన్ల పట్టికకి జీపీటీ పద్ధతి, కంప్యూటర్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్లకి ఫ్యాట్32 ఫార్మాట్‌లో 512 ఎంబీ పార్టిషన్ (దీన్నే ఈఎస్‌పీ అంటారు), మిగతాదంతా లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో. అదే పేజీ అడుగున "బూట్‌లోడర్ ఏ డివైజ్‌లో వేయాలి?" అని అడిగింది. బూట్‌లోడర్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. నా ఎస్ఎస్‌డీనే ఎంచుకున్నా. సైజూ, మోడల్ పేరూ మళ్లీ సరిచూసుకుని మరీ ముందుకెళ్లా. అసలు గొడవంతా ఈ గడి దగ్గరే ఉందని అప్పటికి ఎలా తెలుస్తుంది?

నా డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ పోర్టులు పాతవి, నెమ్మది. అందుకని బావగారి ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నా. "మీ డిస్క్ జోలికి వెళ్లను బావగారూ, అంతా నా డ్రైవ్‌లోనే" అని మాటిచ్చా. ఇన్‌స్టలేషన్ పూర్తయింది, రీస్టార్ట్ చేస్తే లినక్స్ చక్కగా లేచింది. డ్రైవ్ పీకి, ల్యాప్‌టాప్ ఆయనకిచ్చేశా.

మర్నాడు పొద్దున మీటింగ్ ఉందని ఆయన ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర. పైన ఇంగ్లిషులో ఒకట్రెండు వాక్యాలు, కింద "గ్రబ్" (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అన్న మాట, పక్కన బాణం గుర్తు, కొట్టుకుంటున్న కర్సర్. విండోస్ జాడే లేదు. "ఏమయ్యా, నా డిస్క్ జోలికి వెళ్లనన్నావుగా?" అన్నారు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. మేనల్లుడు మాత్రం "మామయ్య నాన్న కంప్యూటర్ పాడుచేశాడు" అని ఇల్లంతా తిరిగి చెప్పాడు. ఈలోగా బావగారు రిపేరు చేసే ఒకాయనకి ఫోన్ చేశారు. ఆయన తెర మీద ఏముందో కూడా అడక్కుండా "విండోస్ ఎగిరిపోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి, డేటాకి గ్యారంటీ ఇవ్వలేను" అనేశాడు. ఆ మాటకి బావగారి మొహం పాలిపోయింది. విండోస్ ఎగిరిపోలేదు. ఒక్క ఫైలు చెరగలేదు. చూడకుండా తీర్పు చెప్పి మనుషుల్ని హడలగొట్టేవాళ్లకి కంప్యూటర్ ఇవ్వకండి, దయచేసి.

నేను ఫోన్‌లో వెతికి, ఆ నల్ల తెర మీదే "ఎగ్జిట్" అని ఇంగ్లిషులో కొట్టి ఎంటర్ నొక్కా. గ్రబ్ తప్పుకుంది, విండోస్ లేచింది. ఆయన మీటింగ్‌కి అందుకున్నారు. అది పనిచేయకపోతే బూట్ మెనూ కీ నొక్కి (ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, కంపెనీని బట్టి మారుతుంది) "విండోస్ బూట్ మేనేజర్" ఎంచుకోవచ్చు. ఇలాంటి తెర చూసినవాళ్లు ఫార్మాట్ మాట ఎత్తకముందు ఈ రెండూ చేయండి.

జరిగిందేమిటంటే, నేను ఎంచుకున్న డివైజ్‌ని ఆ ఇన్‌స్టాలర్ లెక్కే చేయలేదు. యూఈఎఫ్ఐ (ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్‌లో కొత్త రకం) ఉన్న కంప్యూటర్‌లో బూట్‌లోడర్ ఈఎస్‌పీ పార్టిషన్‌లో ఒక ఫైలుగా కూర్చుంటుంది. ఇన్‌స్టాలర్ తనకి మొదట కనిపించిన ఈఎస్‌పీని, అంటే బావగారి డిస్క్‌లో ఉన్నదాన్ని పట్టుకుని గ్రబ్‌ని అందులో వేసింది. పైగా మదర్‌బోర్డు మెమరీలోని బూట్ వరుసలో దాన్ని విండోస్‌కి ముందు పెట్టింది. ఆ గ్రబ్‌కి కావలసిన మెనూ ఫైలేమో నా డ్రైవ్‌లో ఉంది. డ్రైవ్ పీకగానే అది దిక్కుతోచక నిలబడిపోయింది. నా ఇంటి తాళంచెవి పక్కింట్లో పెట్టి వచ్చినట్టయింది: నా డ్రైవ్ నా డెస్క్‌టాప్‌లో లేవదు, ఆయన ల్యాప్‌టాప్ నా డ్రైవ్ లేకుండా లేవదు. నా డ్రైవ్‌లోని ఈఎస్‌పీని తెరిచి చూస్తే ఖాళీ. ఒక్క ఫోల్డర్ కూడా లేదు.

వీడియోలు చేసేవాళ్ల మీద కూడా నాకు కోపమే. "ఇన్‌స్టలేషన్ కంప్లీట్" అని రాగానే వీడియో ఆపేస్తారు. డ్రైవ్ పీకాక ఆ కంప్యూటర్ లేస్తుందా, ఇంకో కంప్యూటర్‌లో ఈ డ్రైవ్ లేస్తుందా అని చూపించరు. పోర్టబుల్ అని పేరు పెట్టినప్పుడు చూపించాల్సింది అదే కదా?

సరిచేయడానికి బావగారి ల్యాప్‌టాప్ మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆ అడగడం ఎంత కష్టమైందో చెప్పను. నా లినక్స్‌లోకి వెళ్లి మొదట ఎఫ్‌స్టాబ్ (లేచేటప్పుడు ఏ పార్టిషన్‌ని ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైలు) తెరిచా. అందులో బూట్ ఈఎఫ్ఐ లైన్‌లో ఆయన డిస్క్‌లోని ఈఎస్‌పీ యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఉంది. దాన్నలాగే వదిలేస్తే వేరే కంప్యూటర్‌లో సిస్టమ్ ఆ పార్టిషన్ కోసం నిమిషంన్నర ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. అక్కడ నా ఈఎస్‌పీ యూయూఐడీ పెట్టి, పాతది అన్‌మౌంట్ చేసి (విడదీసి), నాది మౌంట్ చేశా (తగిలించా). తర్వాత గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ రెండు ఆప్షన్లు ఇచ్చా. ఒకటి "నో ఎన్‌వీరామ్": మదర్‌బోర్డు బూట్ వరుసని ముట్టుకోవద్దని. రెండోది "ఫోర్స్ ఎక్స్‌ట్రా రిమూవబుల్": డెబియన్ లాంటి లినక్స్‌లలో ఉంటుంది. మిగతా చోట్ల "రిమూవబుల్" అని ఉంటుంది. ప్రాణమంతా ఈ రెండోదానిలోనే ఉంది. కొత్త కంప్యూటర్‌కి మన డ్రైవ్ గురించి ఏమీ గుర్తుండదు కాబట్టి, బయటి డ్రైవ్ కనిపిస్తే అది చూసేది ఒకే చోటు: ఈఎఫ్ఐ ఫోల్డర్, అందులో బూట్ ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 అనే ఫైలు. ఈ ఆప్షన్ ఇస్తే ఆ ఫైలు అక్కడికొస్తుంది.

చివరగా బావగారి ఈఎస్‌పీలో మిగిలిన లినక్స్ ఫోల్డర్ తీసేసి, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో బూట్ వరుసలో ఆ ఎంట్రీ చెరిపి, విండోస్‌ని మొదటికి తెచ్చా. డ్రైవ్ పీకి, ఆయన ముందే ఆన్ చేసి చూపించా. "ఊఁ" అన్నారు. నాకది చాలు.

మీరు చేస్తుంటే ఇన్‌స్టలేషన్‌కి ముందే లోపలి డిస్క్ విప్పేయండి. విప్పడం కుదరకపోతే వర్చువల్ మెషీన్‌కి (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) యూఎస్‌బీ డ్రైవ్‌ని మాత్రమే ఇచ్చి, దాన్ని యూఈఎఫ్ఐ మోడ్‌లో పెట్టి అందులో చేయండి. అప్పుడు ఇన్‌స్టాలర్‌కి తప్పు చోటంటూ కనిపించదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే లేవనిచ్చే రక్షణ) ఆపే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఉందేమో చూసుకోండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు. ఎఫ్‌స్టాబ్‌లో "నోఏటైమ్" (ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ సమయం రాయొద్దని) పెడితే డ్రైవ్ మీద అనవసరపు రాతలు తగ్గుతాయి. ఓఎస్ ప్రోబర్‌ని (కంప్యూటర్‌లో ఇంకే సిస్టమ్‌లున్నాయో వెతికేది) ఆపేయండి, లేకపోతే ఎవరి కంప్యూటర్‌లో గ్రబ్ అప్‌డేట్ అయితే వాళ్ల విండోస్ మీ మెనూలోకి వచ్చి కూర్చుంటుంది.

యూఈఎఫ్ఐకి ముందు తరం బయోస్ ఉన్న పాత కంప్యూటర్లలో కూడా లేవాలంటే డ్రైవ్ మొదట్లో 1 ఎంబీ బయోస్ గ్రబ్ పార్టిషన్ పెట్టి, గ్రబ్‌ని బయోస్ రకంలో కూడా వేయాలి. నేను అదీ చేశా. అటకెక్కించిన పాత డెస్క్‌టాప్ దింపి గుచ్చితే, దాంట్లోనూ లేచింది.