నాయనమ్మ ఆసు

మా నాయనమ్మ పోయి మొన్నటికి ఏడాది అయింది. సంవత్సరీకానికి ఊరికి పోతే అందరూ ఆమె చేసే సర్వపిండి గురించి, ఆమె కోపం గురించి మాట్లాడుకున్నరు, నాకు మాత్రం ఆమె చేతులే యాదికొచ్చినయి. అప్పటిసంది రాయాలె రాయాలె అనుకుంట ఇయ్యాల కూసున్న.

మాది పోచంపల్లి దగ్గర ఒక ఊరు, చేనేత ఇల్లు. పోచంపల్లి చీర అనంగనే అందరికీ మగ్గమే గుర్తొస్తది, కానీ నేసే ముందు పోగులకు అక్కడక్కడ రంగు అంటకుండ చిటికి కట్టాలె, దానికంటే ముందుగాల ఆసు పొయ్యాలె, అంటే పోగును కొయ్యలకు చుట్టాలె. ఒక దిక్కు ఒక కొయ్య ఉంటది, ఎదురుగ అర్ధచంద్రం లెక్క వరుసగ కొయ్యలుంటయి, పోగు పట్టుకొని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుకుంట ఒక్కో కొయ్య దాటుకుంట పోవాలె. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలె, నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఆసు అయినంక తాత దాని మీద గీతలు గీసి, సైకిల్ ట్యూబు ముక్కలతోని చిటికి కట్టి రంగుల ముంచేటోడు. చీర బాగుందంటే పేరు తాతకే వచ్చేది. ఆసు ఎవరు పోసిన్రని అడిగినోళ్ళను నేనైతే చూడలే.

ఆమెకు చదువు రాదు గానీ లెక్క ఎన్నడూ తప్పలే. స్కూల్ నుంచి రాంగనే నేను గడప మీద కూసొని అన్నీ చెప్పేటోణ్ణి, ఎవడు కొట్టిండు, సారు ఏమన్నడు అని. ఆమె చూపు కొయ్యల మీదనే, కుడి చెయ్యి ఆడుతనే ఉంటది, ఊ అంటది అంతే. లెక్క కీలకంల ఉంటే ఎడమ చెయ్యి లేపి అరచెయ్యి నా దిక్కు చూపెట్టేది, ఆగు అని. ఆ వరుస అయిపోయేదాక నేను నోరు మూసుకొని కూసునేటోణ్ణి. అయినంక "ఆఁ, చెప్పు బిడ్డా" అనేది, మళ్ళ చూపు కొయ్యల మీదికే. రాత్రిపూట మా అమ్మ ఆవనూనె కాచి భుజానికి రుద్దుతుంటే గోడ దిక్కు తిరిగి పండుకునేది, అబ్బా అనకపోయేది.

శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మి పడే ఇదే బాధ చూడలేక 1999ల ఆసు మిషన్ తయారుచేసిండు, దానికి అమ్మ పేరే పెట్టిండు. 2017ల ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్ల నాయనమ్మ సొంత కొడుక్కు వచ్చినంత సంబరపడ్డది. మా ఇంటికి ఆ మిషన్ రావడానికి మాత్రం చాన ఏండ్లు పట్టింది, మా చిన్నాయన అప్పు చేసి తెచ్చిండు. మొదటి రోజు ఆమెకు నమ్మకం కుదరలే, దాని పక్కనే పీట ఏసుకొని చీర అయిపోయేదాక లోపల లోపల లెక్కపెట్టుకుంటనే కూసున్నది.

ఆ నెలల్నే నేను హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన. అరుగు మీద నాకు ఎదురుగ కూసొని, నా మొఖం రెండు చేతులతో పట్టుకొని, గదవ కింద గాటు చూసి "ఇదెప్పుడు పడ్డదిరా" అన్నది. ఆరో తరగతిల సైకిల్ మీదికెళ్ళి పడ్డది నాయనమ్మా అన్న. "అప్పుడు కూడ నీకు చెప్పిన" అని నేను అనలే. ఆమె చానసేపు ఏం మాట్లాడలే, ఆ గాటు మీద బొటనవేలు పెట్టి అట్లనే ఉంచింది. పోగు ఒరుసుకొని ఒరుసుకొని ఆ వేలు గట్టిగ గీరుకుంటుండె.

పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందని ఫోన్ వస్తే రాత్రి బస్సుకే పోయిన. హాస్పిటల్ల మంచం దగ్గర నిలబడి నాయనమ్మా, నేనొచ్చిన అన్న. కండ్లు తెరవలే. ఎడమ చెయ్యి కొంచెం లేపింది, అరచెయ్యి నా దిక్కు.

నేను ఆగిన. స్టూల్ జరుపుకొని పక్కనే కూసున్న, ఆ వరుస అయిపోయేదాక.