చెనక్కాయ చేలో ఎలుకమందు ఎందుకు పారదు

అనంతపురం ఎర్రనేలల్లో విత్తిన వారానికే సాళ్లు ఖాళీగా కనపడితే చాలామంది మందు కొని గెనాల (గట్ల) పొడవునా పెట్టేస్తారు. నాలుగు ఎలుకలు చస్తాయి. ఆ తర్వాత మందు పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

కొత్త తిండిని ఎలుక ఒకేసారి తినదు, కొరికి చూస్తుంది. ఎలుకమందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషమైన ఫాస్ఫీన్ వాయువు అవుతుంది. చాలినంత తినక బతికి బయటపడ్డ ఎలుక ఆ మందును మళ్లీ ముట్టదు. అందుకే ముందు మందు కలపని తిండి పెట్టి అలవాటు చేయాలి.

బొక్కల్ని గుర్తుపట్టడం అంతకంటే ముందు పని. నోటి దగ్గర మట్టి కుప్పపోసి, బొక్క మూసి ఉంటే కొక్కుది. అది లోపల అరలు చేసి గింజలు దాచుకుంటుంది. కుప్ప లేకుండా దగ్గరదగ్గరగా నాలుగైదు తెరిచి ఉంటే, తోక చివర నల్లకుచ్చు ఉండే ఎలుకది. దాని బొరియలో పైకి పలచటి మట్టిపొర మాత్రమే ఉన్న దొంగదారి ఉంటుంది. తవ్వేవాళ్లకు దొరక్కుండా జారిపోయేది అక్కణ్నుంచే.

ఎండాకాలం చేలో తిండి లేక ఎలుకలు గెనాల్లో చేరతాయి. కొక్కు చూలు కట్టిన సుమారు మూడు వారాలకే ఈనుతుంది. కాబట్టి విత్తకముందే, మే నెలలోనే పట్టాలి.

సాయంత్రం బొక్కలన్నీ మూసేయండి. తెల్లారి తెరుచుకున్నవే లెక్క. వాటిలో 98 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె కలిపి, 20 గ్రాముల చొప్పున రెండు రోజులు పెట్టండి. బొక్కలు మూసిన రోజుతో కలిపి నాలుగో రోజు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ కలిపి, 10 గ్రాముల పొట్లం లోపలికి తోసి మూయండి. ఆరుబయట, కట్టెతోనే కలపాలి. తడి తగలనివ్వద్దు, వాయువు అక్కడే లేస్తుంది. దీనికి విరుగుడు లేదు, దయచేసి పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి. చచ్చినవాటిని లోతుగా పూడ్చండి.

వారం తర్వాత మళ్లీ తెరుచుకున్న బొక్కల్లో బ్రోమాడియోలోన్ అనే మరో ఎలుకమందు పెట్టాలి. ఇది నిదానంగా పనిచేస్తుంది గనుక ఎలుకకు అనుమానం రాదు.

బొరియల్లోకి పొగ పట్టడం ఎర్రనేల గెనాలకు బాగుంటుంది. ఆదోని వైపు నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెల్లోంచి పొగంతా బయటికే పోతుంది.

పక్క చేనోళ్లు కూడా అదే వారంలో చేయాలి. లేదంటే వాళ్ల గెనాల్లోని ఎలుకలు మన ఖాళీ బొరియల్లో దిగుతాయి. పాత బొరియల్ని తవ్వి, మట్టి గట్టిగా కూరండి.