రాగిగాడి ఇన్సూరెన్స్

బెర్లిన్‌లో దిగి పదకొండు రోజులైంది. అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతూ ల్యాప్‌టాప్‌లో ఏదో ఫారం నింపుతున్నాను. ఏంటే అది అంటే రాగికి ఇన్సూరెన్స్ అన్నాను. "కుక్కకి ఇన్సూరెన్సా! మీ నాన్నకే లేదు కదే" అని ఒకటే నవ్వు. వెనక నుంచి నాన్న "నాకు ఎల్‌ఐసీ ఉంది" అని గట్టిగా చెప్పారు.

రాగి సైనిక్‌పురిలో మా వీధి కుక్క. ఆరేళ్ల కిందట వానలో మా కారు కింద దూరి దొరికాడు. రంగు చూసి ఆ పేరు పెట్టాం. కంపెనీ మూడేళ్ల ప్రాజెక్టుకి బెర్లిన్ వెళ్లమన్నప్పుడు, వాణ్ని అమ్మావాళ్ల దగ్గర వదిలేయమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు.

తీసుకెళ్లడంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. వాడికి రేబిస్ టీకా ఏటా వేయిస్తూనే ఉన్నాం, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ మాత్రం వేయించలేదు. ప్రయాణం ఖాయమయ్యాక చిప్ పెట్టించి, టీకా పనిచేసిందో లేదో చూసే పరీక్షకి అదే రోజు రక్తం కూడా తీయించేద్దామని వెళ్తే మా డాక్టర్‌గారు ఆపేశారు. చిప్ పెట్టకముందు వేసిన టీకాని యూరప్ వాళ్లు లెక్కలోకి తీసుకోరట. ముందు 15 అంకెల చిప్, దాని తర్వాత టీకా, కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయడం, వాళ్లు గుర్తించిన ల్యాబ్‌కే పంపడం, యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 ఐయూ ఉన్నాయని రిపోర్టు రావడం. అంతా అయ్యాక కూడా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు దాటితే గానీ మన దేశం నుంచి వచ్చే కుక్కని లోపలికి రానివ్వరు. మేలో వెళ్లాల్సినదాన్ని సెప్టెంబర్‌లో వెళ్లాను. కుక్క కోసం జాయినింగ్ వాయిదా వేయమని మేనేజర్‌ని అడగడానికి మొహం చెల్లక, వీసా ఆలస్యమైందని చెప్పాను.

యానిమల్ క్వారంటైన్ ఆఫీసు, హెల్త్ సర్టిఫికెట్, శంషాబాద్‌లో బోను తూకం, ఇవన్నీ టెన్షన్‌తోనే అయినా అయిపోయాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బెర్లిన్‌కి ట్రైన్‌లో వచ్చాం. వాడికి సగం టికెట్, మూతికి చిక్కం. మన ఎద్దులకి కట్టినట్టు చిక్కం కట్టుకుని, కిటికీలోంచి జర్మనీ అంతా చూస్తూ కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో వాడికి ఒక చిన్న పాలసీ ఉండేది. కాగితం తీసి చదివితే దేశం దాటాక చెల్లదని ఉంది. ఇక్కడ కొత్తగా తీసుకోవాల్సిందే. అయితే ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికే వారం పట్టింది. నా బుర్రలో కుక్క పన్ను, కుక్క ఇన్సూరెన్స్ రెండూ ఒకటే అనుకున్నాను మరి. పన్ను ఊరికి కట్టేది, బెర్లిన్‌లో మొదటి కుక్కకి ఏడాదికి 120 యూరోలు. దానికీ వైద్యానికీ ఏ సంబంధమూ లేదు.

ఇన్సూరెన్స్ మళ్లీ రెండు రకాలు. మొదటిది హాఫ్ట్‌ఫ్లిష్ట్, అంటే మన కుక్క వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి. రాగి ఒక్కసారి రోడ్డుకి అడ్డం ఉరికి సైకిల్ మీద వెళ్లేవాణ్ని పడేస్తే, తప్పెవరిదని పెద్దగా వాదించే పని లేదు. పెంపుడు కుక్క చేసిన నష్టం యజమానే భరించాలని వాళ్ల సివిల్ కోడ్ 833వ సెక్షన్ చెబుతుంది. అవతలి మనిషి ఆరు నెలలు ఉద్యోగానికి వెళ్లలేకపోతే ఆ జీతం కూడా మన మీదే పడొచ్చు. అందుకే బెర్లిన్, హాంబర్గ్ లాంటి చోట్ల ప్రతి కుక్కకీ ఇది తప్పనిసరి. బెర్లిన్‌లో కనీసం పది లక్షల యూరోల కవరేజీ ఉండాలి. అంత మాటకి ప్రీమియం ఎంతోనని భయపడ్డాను, తీరా చూస్తే నెలకి ఆరు యూరోల లోపే. నాకు మామూలు హాఫ్ట్‌ఫ్లిష్ట్ ముందే ఉంది కదా, అందులోనే వాడూ వస్తాడనుకున్నాను. అందులో పిల్లి వస్తుందట, కుక్క రాదట.

రెండోది వాడి వైద్యానికి. ఇది తప్పనిసరేమీ కాదు, కానీ తలనొప్పంతా దీనితోనే. ఆపరేషన్లకి మాత్రమే ఇచ్చేవి చవక. మందులూ పరీక్షలూ అన్నీ కలిపినవి మూడింతలు. నేను ఆపరేషన్ పాలసీ వైపు మొగ్గాను. దాదాపు సంతకం పెట్టబోతుంటే మా కింది అంతస్తు పెద్దావిడ ఒక ప్రశ్న వేసింది: "ఎన్ని రెట్ల వరకు ఇస్తారు?"

ఇక్కడ పశువైద్యుల ఫీజులకి ప్రభుత్వమే ఒక పట్టిక పెట్టింది, 2022 నవంబర్‌లో దాన్ని పెంచింది కూడా. ప్రతి పనికీ ఒక కనీస రేటు ఉంటుంది. డాక్టరు దానికి మూడు రెట్ల దాకా తీసుకోవచ్చు. రాత్రిళ్లూ, ఆదివారాలూ, పండగ రోజుల్లో అత్యవసరమైతే నాలుగు రెట్ల దాకా, దాని మీద 50 యూరోల ఎమర్జెన్సీ ఫీజు, మొత్తం మీద పన్ను. నేను ఎంచుకున్న చవక పాలసీ రెండు రెట్ల దగ్గరే ఆగిపోతుంది. కుక్కలకి జబ్బులు వర్కింగ్ డేస్‌లోనే వస్తాయా? నాలుగు రెట్లు ఇచ్చేదానికి మారాను, నెలకి ఏడు యూరోలు ఎక్కువైంది.

తర్వాత ఫారం. జాతి అన్న చోట కొన్ని వందల పేర్లున్నాయి, మన ఊరకుక్క మాత్రం లేదు. "మిష్‌లింగ్" అని నొక్కాను, అంటే కలగలుపు. కలగలుపు కాదు బాబూ, మావాడి వంశం మీ జాతి కుక్కలన్నిటికన్నా పాతది అని చెప్పాలనిపించింది గానీ అక్కడ రాయడానికి చోటు లేదు.

గత ఐదేళ్లలో వచ్చిన జబ్బులేంటి? ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. 2021లో రాగికి పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ వచ్చింది, ఎర్లిషియా అన్నారు. నెల రోజులు డాక్సీసైక్లిన్ వాడితే తగ్గింది. ఇక్కడ వీటిని మధ్యధరా జబ్బులంటారు. స్పెయిన్, గ్రీస్ వీధుల నుంచి తెచ్చుకున్న కుక్కలకి ఉంటాయని ఇన్సూరెన్స్ వాళ్లకి వీటి పేరు చెబితేనే అనుమానం. మా ఆఫీసులో వరంగల్ అబ్బాయిని అడిగితే, "అక్కా, అది రాయకండి. హైదరాబాద్‌లో జరిగింది వీళ్లకెలా తెలుస్తుంది?" అన్నాడు.

మేనేజర్‌కి అబద్ధం చెప్పినదాన్నే అయినా ఇక్కడ ధైర్యం చాలలేదు. అడిగినదానికి నిజం చెప్పలేదని తేలితే ఒప్పందం రద్దు చేసే హక్కు కంపెనీకి చట్టంలోనే ఉంది. రాసేశాను. మొదటి కంపెనీ రెండు లైన్లలో కుదరదంది. రెండోది రక్తపరీక్ష అడిగి, ఎర్లిషియా, దానివల్ల వచ్చే వాటికి మాత్రం ఇవ్వం, మిగతావాటికి ఇస్తాం అంది. దానికే సంతకం పెట్టాను. ప్రమాదాలకి మొదటి రోజు నుంచి, జబ్బులకి నెల తర్వాత నుంచి.

జనవరి 1న వాడుకోవాల్సి వచ్చింది. డిసెంబర్ 31 రాత్రి బెర్లిన్‌లో కాల్చే టపాసుల ముందు మన దీపావళి చిన్నబోతుంది. రాగి రాత్రంతా బాత్‌రూమ్‌లో టబ్ వెనక వణుకుతూ కూర్చున్నాడు. పొద్దున్నే కిందికి తీసుకెళ్తే వీధంతా పగిలిన సీసాలు. నాలుగు అడుగులు వేశాడో లేదో మంచు మీద ఎర్రటి అచ్చులు. ముందు కాలి మెత్త అడ్డంగా తెగింది. ఎమర్జెన్సీ క్లినిక్‌లో మూడు గంటలు కూర్చున్నాక మత్తిచ్చి ఐదు కుట్లు వేశారు. బిల్లు 540 యూరోలు, రేటు మూడు రెట్లు.

బిల్లు పంపితే డబ్బులకి బదులు ఉత్తరం వచ్చింది. మొదటి క్లెయిమ్ కాబట్టి వాడి పాత వైద్యం వివరాలన్నీ కావాలట. వరంగల్ అబ్బాయికి ఆ ఉత్తరం ఫొటో తీసి పంపాను. నా దగ్గరున్నది పసుపు రంగు టీకా పుస్తకం, అందులో మా డాక్టర్‌గారి చేతిరాత. ఆ రాత మా మెడికల్ షాపు అతను తప్ప ఎవరూ చదవలేరు. వాట్సాప్‌లో బతిమాలితే డాక్టర్‌గారు పాపం రాత్రి పదిన్నరకి క్లినిక్ మూశాక కూర్చుని, ఆరేళ్ల చరిత్రా ఇంగ్లిష్‌లో ఒక పేజీ టైప్ చేసి, సంతకం, స్టాంపు వేసి పంపారు. చిప్ నంబర్ కూడా మర్చిపోలేదు. నేను ఫారంలో రాసిందీ ఆయన రాసిందీ ఒక్కటే. మూడు వారాల తర్వాత, నా వంతు 20 శాతం పోను 432 యూరోలు ఖాతాలో పడ్డాయి. అమ్మకి చెబితే రూపాయల్లో ఎంతని అడిగింది. చెప్పాక నవ్వలేదు.

ఈ ఏడాది చెల్లి పెళ్లికి నెల రోజులు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. వాణ్ని మళ్లీ విమానం ఎక్కించే ఓపిక లేదు. కింది అంతస్తు పెద్దావిడని అడిగితే "సరే" అనలేదు, "పాలసీ తీసుకురా" అంది. తీసుకెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని, లైన్ల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. యజమాని కాకుండా ఇంకెవరైనా చూసుకుంటున్నప్పుడు కుక్క చేసిన నష్టానికీ వర్తిస్తుందన్న వాక్యం దగ్గర వేలు ఆగింది. రెండుసార్లు చదివింది. కాగితం మడిచి నాకిచ్చేసి, రాగి గొలుసు అందుకుని, "పెరుగన్నం డబ్బా ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలి?" అంది.