నోటిమాట చెల్లదు సార్

మాది సఖినేటిపల్లి. నాన్న వశిష్ఠ గోదావరి మీద నరసాపురం రేవుకి తిరిగే పంటు మీద సరంగు. పైన చుక్కాని ఆయనది, కింద ఇంజన్ ఇంకొకాయనది. ఆ కిందాయన ‘ఇవాళొద్దు’ అన్నాడంటే నాన్న తాడు విప్పేవాడు కాదు, ఎందుకని అడిగేవాడూ కాదు. రేవులో జనం తిట్లు మాత్రం నాన్నే పడేవాడు.

నేను విమానాల ఇంజన్ల వైపు వెళ్లాను. విమానాల మెయింటెనెన్సు ఇంజనీర్లకి డీజీసీఏ, అంటే మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ, ఇచ్చే బీ1 లైసెన్సు అంటే మాడ్యూల్ తర్వాత మాడ్యూల్ పరీక్షలు. ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి, 74 వస్తే తప్పినట్టే. ఒక పేపరు నాకు రెండుసార్లు పోయింది. ఆపైన ప్రాక్టికల్ అనుభవం, ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం మీద టైప్ ట్రైనింగు, చివరికి సంస్థ ఇచ్చే ఆథరైజేషన్. అది చేతికొస్తేగానీ, విమానం ఎగరొచ్చని మనం పెట్టే సంతకానికి విలువ లేదు.

మనుషులు పొరపాట్లు ఎలా చేస్తారో చెప్పే హ్యూమన్ ఫ్యాక్టర్స్ పేపరుంది. అందరూ తేలిగ్గా చదివే అదే నన్ను పట్టుకుంది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి 17,300 అడుగుల ఎత్తులో కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుం దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. కొత్తగా బిగించిన ఆ అద్దానికి 90 బోల్టులుంటే 84 సన్నవి, మిగతా ఆరు పొట్టివి. బిగించినవాడు పనిదొంగేమీ కాదు, అనుభవం ఉన్నవాడే. పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో సరిచూసుకున్నాడు, అంతే.

మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, డ్యూటీకొచ్చిన మొదటి వానాకాలం. చుట్టూ చేలల్లో దమ్ములు పడుతున్నాయి, ట్రాక్టర్ల వెనక కొంగలే కొంగలు. మధ్యాహ్నం ఫ్లైటు దిగేటప్పుడు ఒకటి తగిలింది. ఎడమ ప్రొపెల్లర్ బ్లేడు మీద అరచేయంత నెత్తుటి మరక, అందులో అతుక్కుని ఒక తెల్ల ఈక. బ్లేడు అంచంతా వేలితో తడిమాను, ఎక్కడా నొక్కు లేదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్‌లోకి టార్చ్ వేస్తే శుభ్రంగానే ఉంది. ఇక సంతకం పెట్టడమే అనుకుంటూ కాక్‌పిట్‌లోకి వెళ్లాను.

కెప్టెన్ హైదరాబాదాయన, నా వయసుకి రెట్టింపు సర్వీసు. విమానంలో వచ్చిన తేడాలన్నీ రాసే టెక్ లాగ్ పుస్తకంలో పక్షి తగిలిందని రాసి, నాతో మాత్రం ‘తగిలినప్పుడు ఒక్క క్షణం కాలిన వాసన వచ్చినట్టనిపించింది. నా భ్రమేమో. మా కో-పైలట్‌కి రాలేదంట’ అన్నాడు.

‘అది కూడా లాగ్‌లో రాయండి సార్. నోటిమాట చెల్లదు.’

‘రాస్తే?’

‘పక్షి ఇంజన్ లోపలికి వెళ్లిందనే అనుకోవాలి. లోపలికి దూర్చే కెమెరా, బోరోస్కోప్ పెట్టి చూడాలి. అది ఇక్కడ లేదు, హైదరాబాద్ నుంచి రావాలి.’

ఆయన పెన్ను పట్టుకుని కాసేపు నన్నే చూశాడు. ‘రాయకపోతే సంతకం పెడతారా?’

‘పెట్టను సార్. విన్నాను కదా.’

రాశాడు.

బయట అమలాపురం పెళ్లివారు ఇరవైమంది. ఆ సాయంత్రం నేను విన్నవాటిలో రాయదగ్గ మాట ఒక్కటీ లేదు. గోదావరి జిల్లాల్లో తిట్టుకి కూడా ‘అండి’ తగిలిస్తారని జోకు ఉంది గానీ, ఆ రోజు అదీ లేదు.

అర్ధరాత్రి దాటాక బోరోస్కోప్ వచ్చింది. స్క్రీను మీద ఒక్కో బ్లేడూ తిరుగుతుంటే, ఏదో ఒకటి కనపడితే బాగుండునని ఒక క్షణం అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే చిరాకేసింది. ఏమీ లేదు. గీత కూడా లేదు. మాడిన వాసన ఎక్కడినుంచి వచ్చిందో, అసలు వచ్చిందో లేదో దేవుడికే తెలియాలి. రిలీజ్ సంతకం పెట్టాను.

పొద్దున కెప్టెన్ లాగ్ తెరిచి నా లైన్ చదివాడు. ‘ఏమీ లేదా?’

‘ఏమీ లేదు సార్.’

సంతకం పెట్టి, ఎప్పటిలాగే టార్చ్ తీసుకుని విమానం చుట్టూ తిరగడానికి దిగాడు. నేను ఆలస్యం చేశానన్న మాట ఆయన నోట రాలేదు.

పది రోజులకి మళ్లీ ఆయనే వచ్చాడు. నేను మెట్లెక్కేసరికి లాగ్ నా వైపు తిప్పి పెట్టి ఉంది, సిరా ఇంకా ఆరలేదు.

‘ఎడమ బ్రేకు కాస్త మెత్తగా తగులుతోంది. భ్రమేమో. రాసేశాను, చూడండి.’