పోస్ట్‌గ్రెస్ లాగ్స్ ని ఫైల్‌బీట్ తో పంపించడం: నా అనుభవం

పోయిన డిసెంబర్ లో ఒక రాత్రి మా ఆర్డర్ల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలాసేపు నత్తనడక నడిచింది. పొద్దున్నే ఏ క్వెరీ (డేటాబేస్ ని అడిగే ప్రశ్న) వల్లో చూద్దామని కూర్చుంటే అప్పటికే ఆ మెషీన్ తీసేసి కొత్తది పెట్టేశారు, లాగ్స్ (డేటాబేస్ ఎప్పుడు ఏం చేసిందో రాసుకునే ఫైల్స్) కూడా దాంతోపాటే పోయాయి. ఎవరినీ అనడానికి లేదు, లాగ్స్ ఆ ఒక్క చోటే ఉండటమే తప్పు. పైగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్స్ దాచి ఉంచాలి కూడా. అందుకని ఆ వారమే ఫైల్‌బీట్ (లాగ్ ఫైల్స్ చదివి వేరే చోటికి పంపే ఏజెంట్ ప్రోగ్రామ్) పెట్టి లాగ్స్ అన్నీ ఎలాస్టిక్‌సెర్చ్ (వాటిని దాచి వెతకనిచ్చే సర్వర్) కి పంపే పని నేను తీసుకున్నా.

మొదట పోస్ట్‌గ్రెస్ వైపు పని. స్లో క్వెరీలు లాగ్ లో పడాలంటే లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్ ఉంటుంది, డీఫాల్ట్ గా అది మైనస్ 1, అంటే ఏమీ రాయదు. 500 మిల్లీసెకన్లు పెట్టి (అంత లేదా అంతకు మించి పట్టినవి లాగ్ లో పడతాయి) రీలోడ్ చేశా, దీనికి రీస్టార్ట్ అక్కర్లేదు. తర్వాత చెక్ చేసుకోవడానికి ఒక క్వెరీ రాసుకున్నా, కావాలనే నాలుగు లైన్లుగా విడగొట్టి లోపల పీజీ స్లీప్ 7 పెట్టి, అంటే ఏడు సెకన్లు పడుకుని లేస్తుంది, లాగ్ లో కచ్చితంగా పడాలి. మూడు రోజులు ఇదే క్వెరీ నన్ను దారిలో పెట్టింది.

మొదటిసారి రన్ చేశా. సర్వర్ లో లాగ్ ఫైల్ లో కనిపించింది, అవతల ఎలాస్టిక్‌సెర్చ్ లో ఏమీ రాలేదు. సర్వీస్ స్టేటస్ చూస్తే పచ్చగా యాక్టివ్ అని ఉంది, ఫైల్‌బీట్ టెస్ట్ అవుట్‌పుట్ కమాండ్ కూడా ఓకే అంటోంది. ఫైల్‌బీట్ మామూలుగా రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) గా నడుస్తుంది కానీ మా డేటాబేస్ మెషీన్ల మీద ఏ ఏజెంటూ రూట్ గా నడవకూడదు, అందుకే దానికి వేరే యూజర్ చేసిచ్చాం. ఆ యూజర్ గా మారి హెడ్ కమాండ్ తో లాగ్ ఫైల్ తెరవబోతే పర్మిషన్ డినైడ్. ఉబుంటు లో ఆ ఫైల్ 640 పర్మిషన్ తో (ఓనర్, గ్రూప్ లో ఉన్నవాళ్ళే చదవగలరు), గ్రూప్ ఏడీఎం గా ఉంటుంది. యూజర్ ని ఆ గ్రూప్ లో చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే (రీస్టార్ట్ చేయకపోతే కొత్త గ్రూప్ దానికి వర్తించదు) లాగ్స్ రావడం మొదలైంది.

వచ్చాయి కానీ నా నాలుగు లైన్ల క్వెరీ నాలుగు ముక్కలుగా వచ్చింది, డ్యూరేషన్ ఒక చోట, టేబుల్ పేరు ఇంకో చోట. మల్టీలైన్ సెట్టింగ్ (కొన్ని లైన్లని ఒకే ఎంట్రీగా కలిపేది) పెట్టాను కదా అని చాలాసేపు ప్యాటర్న్ నే మార్చి మార్చి చూశా. అసలు సంగతి వేరే, ఆ సెట్టింగ్ ని నేను పాత కాన్ఫిగ్ నుంచి తెచ్చుకున్నా, అందులో ఇన్‌పుట్ టైప్ (ఫైల్ చదివే పద్ధతి) లాగ్, నాది ఫైల్‌స్ట్రీమ్. ఫైల్‌స్ట్రీమ్ లో మల్టీలైన్ ని పార్సర్స్ అనే సెక్షన్ కింద పెట్టాలి, బయట పెడితే ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా వదిలేస్తుంది. లోపలికి జరిపి, సంవత్సరంతో మొదలవని లైన్ ఏదైనా పై లైన్ కి అతుక్కోవాలి అని నెగేట్ ట్రూ, మ్యాచ్ ఆఫ్టర్ పెట్టా, క్వెరీ ఒకటిగా వచ్చింది. అయితే ఎర్రర్ కింద వచ్చే డీటెయిల్, స్టేట్‌మెంట్ లైన్లకి పోస్ట్‌గ్రెస్ మళ్ళీ టైమ్ వేస్తుంది కాబట్టి అవి విడిగానే వస్తాయి, వాటిని ప్రాసెస్ ఐడీ బట్టి కలిపి చూసుకోవాలి.

ఇక టైమ్ గొడవ, నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. ఏజెంట్ చదివిన టైమ్ కాకుండా లాగ్ లో ఉన్న టైమ్ కనపడాలని అవతల పార్సింగ్ (లైన్ లోంచి టైమ్ విడదీసి చదవడం) పెట్టా, అంతే, చివరి 15 నిమిషాల్లో ఒక్క లాగ్ కూడా లేదు. మళ్ళీ పర్మిషన్లు, నెట్‌వర్క్ అన్నీ చూశా. మా ఇన్‌ఫ్రా టీమ్ అన్న వచ్చి "ముందు టైమ్ రేంజ్ రేపటి దాకా పెట్టి చూడు తమ్ముడూ" అన్నాడు. పెడితే నా క్వెరీ మూడున్నర గంటలు ముందుకెళ్ళి కూర్చుంది! లాగ్ లో టైమ్ పక్కన ఐఎస్‌టీ (మనకైతే ఇండియా టైమ్) అని ఉంది, మన పార్సర్ దాన్ని ఇజ్రాయెల్ టైమ్ అనుకుంది. పోస్ట్‌గ్రెస్ లో కూడా వెర్షన్ 17 దాకా డీఫాల్ట్ గా ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెలే, మనది కావాలంటే టైమ్‌జోన్ అబ్రివియేషన్స్ ని ఇండియా అని మార్చాలి. నేను మాత్రం లాగ్ టైమ్‌జోన్ ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్) చేసి రీలోడ్ చేశా. చూసేటప్పుడు బ్రౌజర్ మన టైమ్ లోనే చూపిస్తుంది, ఇండియాలో సర్వర్లు ఉన్న ఎవరైనా ఇది మొదటిరోజే చేసుకోండి.

అన్నీ సరిపోయాయి అనుకుని నిజమైన లాగ్స్ చదువుతుంటే పారామీటర్స్ (క్వెరీకి విడిగా పంపే విలువలు) అని కస్టమర్ల ఫోన్ నంబర్లు వరసగా కనిపించాయి. నాకు నిజంగా భయమేసింది, ఎందుకంటే లాగ్స్ చూసే ఆ డాష్‌బోర్డ్ ఆఫీసులో చాలామందికి ఓపెన్. వెంటనే మా లీడ్ కి చెప్పి ఏజెంట్ ఆపేశాం. పోస్ట్‌గ్రెస్ లో లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్ ని 0 చేశా (అప్పుడు ఆ విలువలు రాయదు), ఇది వెర్షన్ 13 నుంచి ఉంది. క్వెరీలోనే నేరుగా రాసిన నంబర్లు దీంతో పోవు, వాటికి ఫైల్‌బీట్ లో రీప్లేస్ ప్రాసెసర్ తో పది అంకెలు వరసగా ఉంటే చెరిపేలా పెట్టా, అప్పటిదాకా వచ్చిన లాగ్స్ ఉన్న ఇండెక్స్ (ఎలాస్టిక్‌సెర్చ్ లో అవి దాచే చోటు) మొత్తం డిలీట్ చేశాకే మళ్ళీ ఆన్ చేశాం.

ఒకటి మిగిలే ఉంది. ఉబుంటు లో పోస్ట్‌గ్రెస్ లాగ్‌రొటేట్ (పాత లాగ్స్ ని పక్కకి తీసేది) కాపీట్రంకేట్ తో ఉంటుంది, ఫైల్ కాపీ చేసి అసలుది ఖాళీ చేసే ఆ క్షణంలో కొన్ని లైన్లు పోవచ్చు. లాగింగ్ కలెక్టర్ (పోస్ట్‌గ్రెస్ తనే లాగ్ ఫైల్స్ రాసుకునే పద్ధతి) ఆన్ చేసి రోజుకో ఫైల్ పెడదామని ఉంది కానీ దానికి డేటాబేస్ రీస్టార్ట్ కావాలి, వచ్చే మెయింటెనెన్స్ లో అడిగా. అప్పుడు కొత్త ఫైల్స్ 0600 తో (ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు) పుడతాయి, లాగ్ ఫైల్ మోడ్ 0640 చేసి గ్రూప్ కూడా చూసుకోకపోతే మళ్ళీ పర్మిషన్ డినైడ్ దగ్గరికే వస్తాం. ఆ రాత్రికి కూడా పీజీ స్లీప్ క్వెరీ రెడీగా పెట్టుకున్నా.